అమావాస్య చీకటిలో ఆండ్రోమెడా: నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా

ఈ ప్రయాణం గురించి రాయాల్సిన అవసరం ఎందుకు వచ్చిందో ముందే చెబుతాను. నంద్యాలలో చాలామంది ఫోన్లలో ఇప్పుడు ఒక వీడియో తిరుగుతోంది. అందులో ఇద్దరు మనుషులు ఒక పాత రాతి మండపం ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉంటారు. పక్కన నల్లటి పెద్ద గొట్టం. నేల మీద ఎర్ర కాగితం చుట్టిన టార్చి, దిక్సూచి, గీతలున్న పటం, కుంకుమ పెట్టిన నిమ్మకాయలు. కింద "గుప్తనిధుల ముఠా దొరికింది" అని రాసి ఉంటుంది. ఆ ఇద్దరిలో ఒకడిని నేను. రెండోవాడు నా స్నేహితుడు ఖాజా.

వీడియో అరనిమిషం కూడా ఉండదు. తర్వాత జరిగిందంతా చీకట్లో జరిగింది. చీకటిని ఫోను పట్టలేదు కాబట్టి ఆ మిగిలిన భాగం ఎవరూ చూడలేదు. ఖాజా వెల్డింగు షాపుకు గేటు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా "ఏం దొరికిందప్పా మీకు?" అని కన్ను గీటి అడుగుతున్నారు. నేను రోజూ కూర్చునే గ్రంథాలయంలో పేపరు చదివేవాళ్ళు నన్ను చూసి మాట ఆపేస్తున్నారు. దొరికింది ఏమిటో చెప్పాల్సిన బాధ్యత మా మీదే ఉంది.

నా పేరు మద్దిలేటి. పురుగుమందుల అంగడిలో పని చేస్తాను. పదో తరగతి తర్వాత బడికి వెళ్ళలేదు. కానీ మా శాఖా గ్రంథాలయంలో 'ఖగోళం' అని చీటీ అంటించిన అరలోని పుస్తకాలన్నీ ఒకటికి రెండుసార్లు చదివాను. ఇది చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. ఆండ్రోమెడా అనే సర్పిల గెలాక్సీ గురించి నన్ను లేపి అడిగినా చెబుతాను. మన పాలపుంత లాంటిదే అది కూడా. సుడి తిరిగిన నీళ్ళలా చుట్టలు చుట్టుకున్న కోటానుకోట్ల నక్షత్రాలు. దాని వెలుగు మన కంటికి చేరడానికి పాతిక లక్షల ఏళ్ళు పడుతుంది. ఇన్ని తెలిసిన నేను దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

నా మాటలు వినీ వినీ ఖాజాకు కూడా ఈ పిచ్చి పట్టుకుంది. పొలానికి వేసే ప్లాస్టిక్ పైపు, నాలుగున్నర అంగుళాల వెడల్పున్న గుంట అద్దం, ఇనుప కడ్డీలతో చేసిన కాళ్ళు. ఏడాది పాటు పనయ్యాక సాయంత్రాలు కూర్చుని టెలిస్కోపు తయారు చేశాడు. మేడ మీద నుంచి చంద్రుడి గుంటలు, శని చుట్టూ ఉన్న వలయం చూశాం. గెలాక్సీ మాత్రం నంద్యాల వీధిదీపాల వెలుగులో చిక్కలేదు. చంద్రుడు లేని రాత్రి, ఊరికి దూరంగా వెళ్ళాలి. అందుకని కార్తీక అమావాస్య నాడు బయల్దేరాం.

నంద్యాల బస్టాండు

బస్సులో ఇప్పుడు ఆడవాళ్ళకు ఉచితం, టికెట్ లేదు. పైగా కార్తీక మాసం చివరి రోజు. అహోబిలం వెళ్ళేవాళ్ళతో కాలు పెట్టే చోటు లేదు. గొట్టాన్ని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఖాజా ఎక్కాడు.

"ఏందప్పా అది, బోరు పైపా?" అన్నాడు కండక్టరు.

"టెలిస్కోపు."

"ఏం స్కోపో గానీ దానికీ టికెట్ కొట్టాల్సిందే. ఈ బస్సులో నాకు దుడ్లిచ్చేది మీ ఇద్దరూ, ఆ పైపూ. మిగతా అంతా ఆడోళ్ళే!"

బస్సంతా నవ్వింది. మా ముందు సీటులో ఉన్న పెద్దామె పక్కకు జరిగి గొట్టానికి చోటిచ్చింది.

"లోపల ఏముండాది నాయనా?"

"అద్దం ఉందమ్మా."

"మొగం చూసుకునే దానికి ఇంత పొడుగు గొట్టమా?"

నేను ఆమెకు దర్పణం అంటే ఏమిటో, వెలుగును ఎలా పోగుచేస్తుందో చెప్పడం మొదలుపెట్టాను. శిరివెళ్ళ వచ్చేసరికి ఆమె నిద్రపోయింది. ఖాజాకు బస్సు పడదు. ముఖం పాలిపోయి, కిటికీ ఊచ పట్టుకుని వంగిపోయాడు. అతను ఓకరించిన చప్పుడుకు ఆమె లేచి, సంచిలోంచి నాలుగు నిమ్మకాయలు తీసి అతని చేతిలో పెట్టింది. దేవుడి పటం ముందు పెట్టినవి కాబట్టి వాటికి కుంకుమ బొట్లు ఉన్నాయి.

"వాసన చూస్తా ఉండు. కక్కితే పైపు పాడైపోతాది."

ఖాజా మిగతా దారంతా నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకునే కూర్చున్నాడు.

ఆళ్ళగడ్డ

దిగగానే ఉగ్గాని తిన్నాం. మా నంద్యాలలో దీనికి బొరుగులు, అంటే మరమరాలు, బాగా నానబెడతారు. ఇక్కడ కొంచెం పొడిపొడిగా, పుట్నాల పొడి ఎక్కువ వేసి పెట్టారు. రెండు మిరపకాయ బజ్జీలతో ముప్పై రూపాయలు. బజ్జీ కారానికి ఖాజాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆళ్ళగడ్డ వచ్చి శిల్పుల పని చూడకుండా వెళ్ళడం నా వల్ల కాదు. రోడ్డు పక్కన సగం చెక్కిన దేవుళ్ళు వరసగా నిలబడి ఉంటారు. కొందరికి ముఖాలు వచ్చాయి, చేతులు ఇంకా రాలేదు. ఒక పాకలో వీరాచారి అనే శిల్పి నల్లరాతి నందికి మూపురం నునుపు చేస్తున్నాడు. మేం గొట్టం దించగానే పని ఆపి వచ్చాడు. ఖాజా దుప్పటి విప్పి అద్దం చూపించాడు.

"చెయ్యి పెట్టొచ్చా?"

"వద్దన్నా. ఒక్క గీత పడినా పోయినట్టే."

వీరాచారి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అంత సున్నితమైన దాన్ని యాడికి తీస్కపోతాండారు?"

అహోబిలం దారిలో ఉన్న మా బావ నారాయణ పల్లెకు అని చెప్పాను. ఆ పల్లె పేరు ఇక్కడ రాయను; ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

"ఈ పొద్దు అమాస. చీకటి పడినాక చేన్ల పక్క తిరగొద్దండి. పోయిన అమాసకు ఆ దిక్కు మండపం కాడ నందిని తవ్వినారు. కింద బంగారం ఉంటాదని ఎవుడో చెప్పినాడంట. నంది మెడ ఇరిగింది. ఊరోళ్ళు ముక్కలు ఎద్దులబండ్లో తెచ్చి, అతికియ్యప్పా అని ఈడ కూలబడి ఏడ్చినారు."

మూపురం చెక్కుతున్న నంది దానికి బదులుగా చేస్తున్నదే. అయినా నేను ఊరుకోలేదు. అమావాస్య అంటే చంద్రుడు సూర్యుడి దిక్కున ఉండటమేనని, అందులో మంచీ చెడూ ఏమీ లేదని వివరించాను.

"అది నాకెందుకు చెప్తావు? ఆడ కట్టె పట్టుకోని కాపలా ఉండేటోనికి చెప్పు" అని వీరాచారి మళ్ళీ ఉలి అందుకున్నాడు.

బావ చేను

నారాయణ బావకు మేం వచ్చినందుకు సంతోషమే గానీ మనసంతా కాలిపోయిన మోటారు స్టార్టరు మీద ఉంది. జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టించి, పొద్దు వాలుతుండగా మమ్మల్ని శనగచేలో మోటారు షెడ్డు దగ్గర దించాడు.

"నేను ఆళ్ళగడ్డ పోయి స్టార్టరు చేయించుకోని, వచ్చేటప్పుడు మీకు సంగటి తెస్తా. ఈన్నే ఉండండి. పందులు వస్తాయి, ఆడికీ ఈడికీ పోవద్దండి."

చీకటి పడింది. షెడ్డు మీద పొద్దుగూకితే తనంతట తానే వెలిగే బల్బు ఒకటి ఉంది. దాన్ని ఎలా ఆర్పాలో మాకు తెలియలేదు. ఉత్తరాన వేపచెట్లు అడ్డం. నేల దున్నిన మెత్తని నల్లరేగడి. ఇనుప కాళ్ళు దిగబడిపోయాయి. కొంచెం దూరంలో, బీడు మీద, నక్షత్రాల వెలుగుకే రాతి పలకలు పరిచిన చదును కనిపించింది. ఆ పలకల చివర ఓ చిన్న పాత మండపం.

"బావ ఈన్నే ఉండమన్నాడు గదన్నా" అన్నాడు ఖాజా.

"ఇక్కడుంటే గెలాక్సీ కాదు, బల్బు పురుగులు కనపడతాయి. పద."

మండపం దగ్గర తవ్వకం గురించి మధ్యాహ్నమే విన్నాను. ఆ మండపం ఇదే కావచ్చని నా బుర్రకు తట్టలేదు. నా బుర్రలో ఉన్నది నక్షత్రాల పటం ఒక్కటే.

మండపం ముందు

ఇంత చీకటి నేను ఎన్నడూ చూడలేదు. నంద్యాలలో గుప్పెడు నక్షత్రాలు. పటంతో పోల్చుకోవడం సులభం. ఇక్కడ ఆకాశం మీద ఉప్పు ఒలికినట్టుంది. ఏది ఏదో తెలియక నేను తికమకపడ్డాను. కళ్ళు చెదరకుండా ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలుగులో పటం చూడటం, గొట్టం మీద ఖాజా అతికించిన రెండు రింగుల్లోంచి గురి పెట్టడం, అద్దంలో చూడటం, మళ్ళీ మొదటికి రావడం. ఖాజా ఒక నిమ్మకాయ కొరికి దాహం తీర్చుకున్నాడు, మిగతావి పలక మీద పెట్టాడు. చాలాసేపటికి కూడా గెలాక్సీ దొరకలేదు.

అప్పుడే వెనక నుంచి నాలుగైదు టార్చిలు ఒక్కసారిగా మా ముఖాల మీద పడ్డాయి.

"కదిలితే కాళ్ళిరుగుతాయ్! ఎవుర్రా మీరు?"

ముందున్నవాడి పేరు ఓబుళేసు అని తర్వాత తెలిసింది. చేతిలో అతని ఎత్తు కట్టె ఉంది. పక్కన అతని భార్య చెన్నమ్మ కొడవలి పట్టుకుని నిలబడింది. వెనక ముగ్గురు మగవాళ్ళు. వాళ్ళలో శీను అనే అతను అప్పటికే ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు.

"నక్షత్రాలు చూస్తున్నామన్నా" అన్నాను.

"అమాస నాడు. మండపం కాడ. నక్షత్రాలు" అన్నాడు ఓబుళేసు. టార్చి కాంతి మా వస్తువుల మీదుగా పాకింది. దిక్సూచి. పటం. ఎర్ర దీపం. నిమ్మకాయల దగ్గర ఆగింది.

"ఇవేంది? కుంకుమ పెట్టిన నిమ్మకాయలు నక్షత్రాలకు తినిపిస్తారా?"

"అవి బస్సులో కక్కు రాకుండా..." అన్నాడు ఖాజా. ఆ మాట మాకే నమ్మేలా వినిపించలేదు.

"నారాయణ మా బావ" అన్నాను నేను.

"నారాయణ యాడ?"

"ఆళ్ళగడ్డ వెళ్ళాడు."

"బలే చెప్తాండాడు చూడు. ఫోన్ చెయ్యి."

ఫోను తీశాను. సిగ్నల్ లేదు. మమ్మల్ని చేతులు కట్టుకుని కూర్చోమన్నారు. మీరు చూసిన వీడియో ఇక్కడిదే.

"ఇది బంగారం పట్టే మిషనన్నా, నేను యూట్యూబులో చూసినా" అని శీను ఫోను జేబులో పెట్టి, పక్కవాడి కట్టె లాక్కుని గొట్టం మీదికి ఎత్తాడు. ఖాజా లేచి గొట్టానికి అడ్డంగా నిలబడ్డాడు. నాకు తెలిసిన ఖాజా ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడడు.

"కొడితే నన్ను కొట్టన్నా. దాన్ని తాకొద్దు."

కట్టె గాల్లోనే ఆగింది. ఓబుళేసు శీను చెయ్యి పట్టుకుని దించాడు.

"వచ్చేముందే ఊర్లోకి చెప్పి పంపినాం, బండ్లు వస్తాండాయి. అందరూ వచ్చినాక చూద్దాంలే" అన్నాడు.

దూరంగా పల్లె దారిలో మోటారు సైకిళ్ళ దీపాలు వరసగా కదులుతున్నాయి. వీళ్ళు ఐదుగురు, వీళ్ళతో మాట్లాడొచ్చు. ఆ వచ్చేవాళ్ళు ఎందరో తెలియదు. పోయిన అమావాస్య నాటి కోపంతో వస్తున్నారు. వాళ్ళకు ఏం చెప్పినా వినే తీరిక ఉండదని నాకు అర్థమైంది.

"ఒక్కసారి చూడన్నా. నువ్వే చూసి చెప్పు" అన్నాను.

ఓబుళేసు గొట్టం పక్కనున్న కన్నంలో కన్ను పెట్టాడు. "నల్లగుండాది. ఏం ల్యాదు."

"లైట్లు ఆర్పాలి. కళ్ళు చీకటికి అలవాటు పడాలి. పది నిమిషాలు చాలు."

ఆ మాటకు అందరూ నవ్వారు. "లైట్లార్పితే పది నిమిషాల్లో అహోబిలం కొండెక్కుతారు మీరు!" అన్నాడు శీను.

అప్పుడు చెన్నమ్మ మాట్లాడింది. "చేతులు పట్టుకోని ఆర్పండి. పట్టుకున్నాక యాడికి పోతారు? బండ్లొచ్చేలోపల తేలిపోతాది."

ఓబుళేసు నా కుడి మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు ఎద్దు పగ్గం పట్టినట్టుంది. ఇద్దరు ఖాజాను పట్టుకున్నారు. టార్చిలు ఆరిపోయాయి.

వాళ్ళెవరికీ తెలియనిది, నాకూ ఖాజాకూ తెలిసినది ఒకటుంది: గెలాక్సీని నేను ఇంకా కనుక్కోలేదు. ఇంత వరకూ రెండు చేతులతో దొరకనిదాన్ని ఇప్పుడు ఎడమ చేత్తో, మోటారు సైకిళ్ళు రాకముందే పట్టుకోవాలి.

ముందు కొంతసేపు కళ్ళలో పచ్చటి మచ్చలు తప్ప ఏమీ లేవు. ఏ ఊపిరి ఎవరిదో తెలియడం లేదు. మెల్లగా ఆకాశం తిరిగి వచ్చింది.

"ఏం చూస్తాండావు ఇప్పుడు?" అంది చెన్నమ్మ.

"నడినెత్తిన నాలుగు నక్షత్రాలు, పెద్ద చదరం మంచంలాగా. అందులో తూర్పు వైపు రెండూ ఉత్తరాభాద్ర."

"ఉత్తరాభాద్రనా? మా పెద్దోనిది అదే నక్షత్రం! యాడుండాది, చూపియ్యి."

ఆమెకు చూపించడానికి నేను నెమ్మదించాల్సి వచ్చింది. నెమ్మదించగానే నాకూ దారి కనిపించింది. ఉత్తరాభాద్రలో ఉత్తరాన ఉన్న నక్షత్రం నుంచి కిందికి రెండు. అక్కడ ఎడమకు తిరిగి మరో రెండు. "కనపడినాయి, కనపడినాయి" అంటోంది చెన్నమ్మ. రింగుల్లోంచి గురి చూసి, గొట్టాన్ని వేళ్ళతో కొద్దికొద్దిగా నెట్టాను. దిగువ దారిలో ఇంజన్ల చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. నక్షత్రాలు కదిలిపోతున్నాయి. ఒకటి. రెండు. ఖాళీ. మళ్ళీ ఖాళీ.

తర్వాత ఒక మసక వచ్చి నిలిచింది.

అద్దం మీద ఎవరో ఊదిన ఆవిరిలా, కోలగా, నడుమ కొంచెం చిక్కగా ఉంది. పుస్తకాల్లోని చుట్టలు లేవు, రంగులు లేవు. చిన్న అద్దంలో అలాగే ఉంటుందని చదివాను. దీన్ని చూపించి నేను వీళ్ళను ఒప్పించాలి.

"చూడన్నా. నేరుగా చూడొద్దు. చూపు కొంచెం పక్కకు పెట్టి ఓరకంట చూడు."

నా మణికట్టు వదలకుండానే ఓబుళేసు వంగాడు. కన్ను మార్చి మళ్ళీ చూశాడు.

"బూజు మాదిరి ఏందో ఉండాది."

"అదే అన్నా."

"అదేనా?"

అతను రెండో చేత్తో భుజం మీది తువ్వాలు తీసి గొట్టం మూతికి కప్పాడు. చూశాడు. తువ్వాలు తీశాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ కప్పాడు.

"కప్పితే పోతాండాది. తీస్తే వస్తాండాది. పైదే. లోపల ఏం పెట్టలేదు వీళ్ళు." తర్వాత నా వైపు తిరిగాడు. "ఈ బూజు చూసేదానికా నంద్యాల నుంచి వచ్చింది మీరు?"

"అవునన్నా. అదొక గెలాక్సీ. కోటానుకోట్ల నక్షత్రాలు. అంత దూరం కాబట్టి అట్లా..."

"నిమ్మకాయలేసుకోని?"

"దొంగలైతే ఇంతకంటే బాగుండే అబద్ధం చెప్తురు గదా" అంది చెన్నమ్మ.

శీను ఒప్పుకోలేదు. అతను చూసి "నాకేం కనపళ్ళేదు" అన్నాడు. ఈలోగా మొదటి మోటారు సైకిలు బీడు ఎక్కింది. దాని దీపం తిన్నగా గొట్టం మీద పడింది. మసక మాయమైంది. వెనక ఇంకో ఏడెనిమిది బండ్లు. అరుపులు. "యాడ వాళ్ళు? పట్టుకోండ్రా!"

ఓబుళేసు నన్ను ఈడ్చుకుంటూ ముందుకు నడిచాడు. నన్ను వాళ్ళకు అప్పగిస్తాడనుకున్నాను. పలకల అంచున నిలబడి గొంతెత్తాడు.

"లైట్లు ఆర్పండ్రా! లైట్లు! ఆడ ఏందో కనపడతాండాది, మీ లైట్లకు పోతాది!"

మొదటి బండి దీపం ఆరింది. దాని వెనకది ఆరింది. దిగువ నుంచి వస్తున్నవి కూడా ఒక్కొక్కటే ఆరుతూ వచ్చాయి. ఇంజన్లు ఆగాయి. చివరి దీపం ఆరాక బీడు మొత్తం నల్లగా అయిపోయింది. కొట్టడానికి వచ్చిన అంతమంది ఆ చీకట్లో చప్పుడు లేకుండా నిలబడ్డారు.

మరునాడు

ఆ రాత్రి వరసలో నిలబడి అందరూ చూశారు. కొందరికి కనపడింది, కొందరికి లేదు. "దీనికంటే మా టీవీ బాగుంటాది" అన్నాడొకాయన. నారాయణ బావ సంగటి క్యారియరుతో వచ్చేసరికి ఖాజా గొట్టం దగ్గర నిలబడి, ఒక్కొక్కరికీ తల ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నాడు. బావ మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

పొద్దున ఓబుళేసు మండపం వెనక ఉన్న గుంత చూపించాడు. నంది కూర్చున్న చోట పీఠం రెండుగా పగిలి ఉంది. "రాత్రి మీ అద్దం పగిలి ఉంటే మీకూ మా మాదిరే బాధ ఉండేది" అని మాత్రం అన్నాడు. శీను వీడియో తీసేస్తానన్నాడు గానీ అప్పటికే అది వాళ్ళ గ్రూపుల్లోకి వెళ్ళిపోయింది. ఆ పల్లెను ఎవరూ తిట్టకూడదనే పేరు రాయలేదు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ కట్టె పట్టుకునే వచ్చేవాడిని.

పుస్తకాలు ఇంటికి ఇచ్చి, గడువు దాటినా అడగని మా గ్రంథాలయం రమాదేవి మేడమ్‌కు, నిమ్మకాయలిచ్చి దిగేటప్పుడు తన పేరు సుంకులమ్మ అని చెప్పి వెళ్ళిన పెద్దామెకు, నేను వినకపోయినా ముందే హెచ్చరించిన వీరాచారికి, తిడుతూనే సంగటి పెట్టిన నారాయణ బావకు, చేతులు పట్టుకోమన్న చెన్నమ్మకు, పట్టుకుని కూడా చూసిన ఓబుళేసుకు, కట్టెకు అడ్డం నిలబడిన ఖాజాకు నేను రుణపడి ఉన్నాను. ఇంకొకరు ఉన్నారు. ఓబుళేసు అరవగానే అందరికంటే ముందు దీపం ఆర్పిన మొదటి బండి అతను. అతని పేరు మరునాడు అడిగి తెలుసుకున్నాను: పెద్దన్న. ఏం కనపడుతోందో, అక్కడున్నది ఎవరో అతనికి అప్పటికి తెలియదు. ఎందుకని అడగకుండా ఆర్పాడు.